పాత కారులో ‘ఒరిజినల్’ అంటే ఏది? షెడ్డుకి అడ్వాన్స్ ఇచ్చే ముందు తేల్చుకోవాల్సిన లెక్క

మా పెదనాన్నగారి 1978 ప్రీమియర్ పద్మినిని మళ్లీ రోడ్డెక్కిద్దామనుకున్నప్పుడు ముగ్గురు మెకానిక్‌లను పిలిచి చూపించాం. మొదటాయన బానెట్ ఎత్తి, ఇంజన్ నంబరు తుడిచి, ఆర్సీతో సరిచూసి "ఒరిజినల్ బండి సార్" అన్నాడు. రెండో ఆయన తలుపు కింది అంచు మీద అయస్కాంతం పెట్టాడు. అది నిలవకుండా కింద పడింది. "ఇదెక్కడి ఒరిజినల్, సగం పుట్టీయే" అన్నాడు. మూడో ఆయన లోపల కూర్చుని హ్యాండ్ గేర్ కదిపి, ముందు బెంచీ సీటు తడిమి, "కంపెనీ నుంచి ఎలా దిగిందో అలాగే ఉంది" అని మురిసిపోయాడు.

ముగ్గురూ నిజమే చెప్పారు. ఒకరు నంబరు చూశారు, ఒకరు రేకు చూశారు, ఒకరు రూపం చూశారు. నాలుగోది కూడా ఒకటుంది, దాన్ని ఎవరూ చూడలేదు. ఇన్నేళ్లూ ఆ కారు ఎవరి చేతిలో, ఎక్కడెక్కడ, ఎలా బతికిందన్నది. ఈ నాలుగింటినీ కలిపి మనం ‘ఒరిజినల్’ అనే ఒక్క మాటతో పిలుస్తాం. చిక్కంతా అక్కడే. ఒకదాన్ని కాపాడబోతే ఇంకొకటి చేజారుతుంది. కంపెనీ రంగు కొత్తగా కొట్టించాలంటే ఇప్పుడున్న కంపెనీ రంగు గీకెయ్యాలి. తుప్పుపట్టిన ఫ్లోరు కోసేసి కొత్త రేకు వేస్తే రూపం మిగులుతుంది, కంపెనీ వేసిన ఇనుము పోతుంది. అందుకే మీకు ఏ ఒరిజినల్ కావాలో ముందు తేల్చుకోవాలి. షెడ్డువాళ్లు ఆ ప్రశ్న అడగరు, "ఫుల్లుగా చేసేద్దాం" అంటారు.

కోర్టుకెక్కిన బెంట్లీ

ఈ గొడవ ఒకసారి లండన్ హైకోర్టు దాకా వెళ్లింది. బెంట్లీ స్పీడ్ సిక్స్ కారు, ముద్దుపేరు ‘ఓల్డ్ నంబర్ వన్’. ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ 24 గంటల పందేన్ని 1929లోనూ, 1930లోనూ గెలిచింది. రెండుసార్లూ నడిపినవాళ్లలో వుల్ఫ్ బర్నాటో ఉన్నాడు. పందెం కారు కాబట్టి ప్రతి ఏడూ ఏదో ఒకటి విప్పి మార్చారు. 1932లో ఎనిమిది లీటర్ల ఇంజన్ బిగించి బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద పరిగెత్తించారు. ఆ పందెంలోనే అది ప్రమాదానికి గురై డ్రైవర్ క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. మిగిలినదాన్ని బర్నాటో పైకప్పున్న కారుగా మళ్లీ కట్టించుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత అది ఎడ్ హబ్బర్డ్ దగ్గర ఉండగా కోటి పౌండ్లకు బేరం కుదిరింది. తర్వాత కొనేవాళ్లు అడ్డం తిరిగారు. ఇది ఆ కారు కాదు, ఇందులో ఆనాటి ముక్కలేవీ లేవు, మేం డబ్బు కట్టం అన్నారు.

1990లో జస్టిస్ ఆటన్ ఇచ్చిన తీర్పు, పాత కార్ల మీద ఆసక్తి ఉన్న ప్రతివాళ్లూ తెలుసుకోవాల్సింది. 1929లో గెలిచిన కారు తాలూకు భాగాలు దాదాపు ఏవీ మిగల్లేదు, 1930లో గెలిచినప్పటివి కూడా గేర్‌బాక్స్ పెట్టె, స్టీరింగ్ కాలమ్ లాంటివి కొన్నే ఉన్నాయి. ఆ అర్థంలో దాన్ని ఒరిజినల్ అనలేం. కానీ ఆ కారు ఎప్పుడూ మాయమై మళ్లీ పుట్టలేదు. ఒక్కో భాగం మారుతూ, మధ్యలో తెగకుండా నడిచి వచ్చింది. ఆ పేరు నాదని చెప్పుకోగల కారు మరొకటి లేదు. కాబట్టి ఇది నిజమైన ఓల్డ్ నంబర్ వన్నే అని తేల్చారు. హబ్బర్డ్ గెలిచాడు.

మనకిది అంత వింతగా అనిపించకూడదు. పూరీలో జగన్నాథుడి రథాన్ని ఏటా కొత్త కలపతో చేస్తారు, అయినా ఏటా అది నందిఘోషమే. అలాగని దీన్ని అడ్డం పెట్టుకుని "అన్నీ మార్చినా పరవాలేదు" అనుకోవద్దు. తీర్పులో బరువంతా ‘మధ్యలో తెగకుండా’ అన్న దాని మీదే ఉంది. మూడు తుక్కు బండ్లు కొని, ఒకదాని బాడీ, ఒకదాని ఇంజన్, ఇంకొకదాని ఆర్సీ కలిపి కట్టిన అంబాసిడర్‌కి ఈ వాదన పనికిరాదు. దానికి భాగాలున్నాయి గానీ చరిత్ర లేదు.

ఇంజన్ నంబరుకి ఎన్ని మార్కులు?

అమెరికాలో పాత కార్వెట్ కొనేవాళ్లను అడిగితే ఇంజన్ నంబరు కలిస్తేనే అసలు కారు, కలవకపోతే ధర బాగా పడిపోతుందంటారు. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ శాఖ చాలాకాలం వాడిన లెక్క దీనికి పూర్తిగా తిరగేసి ఉండేది. మార్పులు చేసిన కారు తన పాత నంబరు నిలుపుకోవాలంటే కనీసం ఎనిమిది పాయింట్లు రావాల్సి ఉండేది. ఛాసిస్ లేదా బాడీకి 5, సస్పెన్షన్‌కి 2, యాక్సిల్స్‌కి 2, గేర్‌బాక్స్ వైపు భాగాలకు 2, స్టీరింగ్‌కి 2. ఇంజన్‌కి ఒక్కటంటే ఒక్కటే. అంటే ఆ శాఖ లెక్కలో ఇంజన్ కూడా దాదాపు బ్యాటరీ లాంటిదే, పాడైతే మారుస్తారు.

మన దేశపు కార్లకి ఈ రెండో లెక్కే దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. మన దగ్గర అంబాసిడర్‌ని ఎవరూ అల్మారాలో దాచుకోలేదు. పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు, టాక్సీలకు, సర్కారు డ్యూటీలకు తిరిగి తిరిగి ఇంజన్ సిలిండర్లు అరిగి, రీబోర్ (సిలిండర్లను మళ్లీ కోయించడం) మీద రీబోర్ అయినవే అన్నీ. పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ పెట్టించుకున్నవాళ్లు వీధికొకరు ఉండేవారు. నాకు ఇంజన్ నంబరు ఆర్సీతో కలవడం ముఖ్యం, కానీ అది ఫ్యాక్టరీలో పెట్టిన మొదటి ఇంజనే కానక్కర్లేదు. మార్చిన ఇంజన్ అదే కాలానికి, అదే రకానికి చెందినదై, ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీ మీదికి ఎక్కితే చాలు. 1965 అంబాసిడర్ మార్క్ 2లో 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ కంపెనీ) ఇంజన్ స్థానంలో మరో 1489 సీసీ ఇంజన్ ఉంటే నేను బేరం ఆపను. దానిలో 1990ల నాటి ఇసుజు 1800 ఇంజన్, ఐదు గేర్ల బాక్సు ఉంటే కారు హాయిగా నడుస్తుంది. కానీ అది వేరే రకం బండి, దాని ధర వేరుగా మాట్లాడాలి.

ఒక్కటి మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు: నంబరు కలవడం కోసం పాత అంకెలు రుద్దేసి కొత్తవి కొట్టించడం. అది బాగుచేయడం కాదు, నేరం. ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ తీసేటప్పుడు అంకెల చుట్టూ గ్రైండర్ గీతలు కనిపించినా, అంకెల వరుస వంకరగా ఉన్నా ఆ బండి జోలికి పోవద్దు.

ఛాసిస్ అంటే గుర్తొచ్చింది. అంబాసిడర్‌కి, పద్మినికి లారీకున్నట్టు విడి ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కి మాత్రం విడి ఛాసిస్ ఉంది, పైన బాడీ బోల్టులతో కూర్చుంటుంది. హెరాల్డ్‌ని పూర్తిగా విప్పి, బాడీ పక్కన పెట్టి, కింది భాగం శుభ్రంగా చేసి మళ్లీ బిగించొచ్చు. అంబాసిడర్‌లో ఫ్లోరు, తలుపుల కింది గట్లు, వీల్ ఆర్చీలు కోసుకుంటూ పోతే ఒక దశ తర్వాత కోస్తున్నది ఆ కారు ఉనికినే. బాడీ మొత్తం ఇంకో దాని నుంచి తెచ్చి పెడదామనే సలహా అంబాసిడర్ విషయంలో అందుకే ప్రమాదం.

నాలుగు దారులు

మొదటిది, ఉన్నది ఉన్నట్టు నిలబెట్టడం. తుప్పు ముదరకుండా ఆపడం, బ్రేకులు, ఇంధన పైపులు, వైరింగ్ సురక్షితం చేయడం, మిగతావి శుభ్రం చేసి వదిలేయడం. వెలిసిన రంగు వెలిసినట్టే, చిరిగిన రెక్సిన్ కుట్టు వేసినట్టే ఉంటుంది. మన ఇళ్లల్లో దీనికి ఓటు పడడం కష్టం. "అంత డబ్బు పెట్టి ఏం చేశావురా, రంగన్నా కొట్టించలేదు" అంటారు. కానీ ప్రపంచంలో గాలి ఇటే మళ్లింది. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ సారం ఇదే: ముందు కాపాడు, తప్పనిసరైతేనే మార్చు, మార్చినదాన్ని రాసిపెట్టు. 2024లో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ ప్రదర్శనలో పెద్ద బహుమతి తళతళలాడే కారుకి రాలేదు. 1934 బుగాటి టైప్ 59 స్పోర్ట్స్‌కి వచ్చింది. అలా రెస్టోర్ చేయకుండా కాపాడుకున్న కారు అక్కడ ఆ బహుమతి గెలవడం అదే మొదలు. ఆ కారు పందేల తర్వాత బెల్జియం రాజు మూడో లియోపోల్డ్‌కి చేరింది, ఆయన నలుపు రంగు వేయించుకున్నాడు. బుగాటి అంటే నీలం కదా అని ఎవరూ దాన్ని గీకి నీలం కొట్టలేదు. రాజుగారి నలుపు కూడా ఆ కారు కథలో భాగమే అనుకున్నారు.

రెండోది, కంపెనీ నుంచి దిగిన రోజున ఎలా ఉందో అలా చేయడం. చాలామంది ‘రెస్టొరేషన్’ అంటే ఇదొక్కటే అనుకుంటారు. డబ్బూ సమయమూ ఎక్కువ తినేది ఇదే, సగంలో ఆగిపోయేవి కూడా ఎక్కువగా ఇవే. చిక్కేమిటంటే, ‘కంపెనీ నుంచి దిగిన రోజు’ ఎలా ఉండేదో మన కార్లకు కచ్చితంగా చెప్పడం తేలిక కాదు. అంబాసిడర్ మార్క్ 1 నుంచి మార్క్ 2కి 1962లో మారింది, మార్క్ 3కి 1975లో, మార్క్ 4కి 1979లో. పుస్తకంలో ఇలా గీతలు గీసినట్టుంటుంది. మీ కారు ఆ గీతల దగ్గరి ఏడాదిదైతే గ్రిల్ ఒకటి, డాష్‌బోర్డు ఇంకొకటి అన్నట్టుంటే ఆశ్చర్యపోకండి. పద్మిని సంగతి ఇంకా సరదా. ఫియట్ 1100 డిలైట్‌గా 1964లో మొదలై, 1970ల మొదట్లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయి, 1974లో పద్మిని అయింది. మనవాళ్లు మాత్రం చివరి బండి దాకా దాన్ని ‘ఫియట్ కారు’ అనే పిలిచారు. ఆ ప్రేమతో 1978 బండికి ఫియట్ బ్యాడ్జీ వెతికి తెచ్చి తగిలిస్తుంటారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కంపెనీ లెక్క ప్రకారం మాత్రం తప్పు.

మూడోది, పైకి పాత కారు, లోపల కనపడని మార్పులు. నాలుగోది రెస్టోమాడ్, అంటే పాత బాడీలో కొత్త ఇంజన్, ఏసీ, పవర్ స్టీరింగ్, డిస్క్ బ్రేకులు, టచ్ స్క్రీన్. నాలుగోదాని మీద నాకు పెద్దగా ప్రేమ లేదు, కానీ దాన్ని తిట్టడానికి కారణమూ లేదు. అప్పటికే ఇంజన్ మారిపోయి, డాష్‌బోర్డు కోసేసి, కథ తెలియని బండి అయితే దానికి ఈ దారే మంచిది. చెడగొట్టడానికి ఏమీ మిగలని కారుతో మీ ఇష్టం వచ్చినట్టు ఆడుకోవచ్చు. కాకపోతే చట్టం గుర్తుపెట్టుకోవాలి. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వేరే కంపెనీ ఇంజన్ దూర్చిన బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఇంట్లో తరతరాలుగా ఉన్న మామూలు అంబాసిడర్‌కి, పద్మినికి నేను చెప్పేది ఒకటో దారీ మూడో దారీ కలిపి. అందులో ఏది కనపడొచ్చు, ఏది కనపడకూడదన్నది భాగం భాగంగా తేల్చుకోవాలి.

రంగు దగ్గర తొందర వద్దు

ఎక్కువ కార్లు పాడయ్యేది రంగు దగ్గరే. మాదీ అక్కడే పాడైంది. పెదనాన్నగారి కారు మీగడ రంగులో ఉండేది, వెలిసిపోయి పాలపొడి రంగుకి వచ్చింది. డిక్కీలో స్టెపినీ కింద, డాష్‌బోర్డు వెనక, తలుపుల లోపలి రెక్సిన్ తీస్తే ఆ అట్టల వెనక మొదటి రంగు తాజాగా ఉంటుంది. ఎండ తగలని చోట్లు అవి. పని మొదలుపెట్టే ముందు అక్కడ ఫోటో తీసి, రంగు సరిపోల్చుకోవాలి. మేం ఆ పని చేయలేదు. పెయింటర్ కంప్యూటర్‌లో కలిపిన ‘క్రీమ్’ కొట్టాడు. ఎండలో చూస్తే నిమ్మకాయ ఛాయ. ఇప్పుడు బానెట్ ఎత్తితే లోపల ఒక క్రీమ్, బయట ఇంకో క్రీమ్.

ఇక రంగు రకం. ఆ రోజుల్లో డ్యూకో అని పిలిచిన నైట్రోసెల్యులోజ్ పెయింట్ పలచని పూతలుగా కొట్టి, రుద్ది, పాలిష్ పెట్టేవారు. మెరుపు మెత్తగా, కాస్త లోతుగా ఉంటుంది. ఇప్పుడు షెడ్డుల్లో కొట్టేది ఎక్కువగా టూ పార్ట్ పాలీయురేథేన్, పైన క్లియర్ కోటు. గట్టిది, ఎండకి ఆగుతుంది, త్వరగా అయిపోతుంది, కానీ 1960ల కారు మీద అది గాజు పూత పూసినట్టు కనిపిస్తుంది. ప్రదర్శనకి తీసుకెళ్లే కారైతే పాత పద్ధతి కోసం వెతకండి. రోజూ ఎండలో నిలిపే కారైతే పాలీయురేథేనే కొట్టించండి, కాకపోతే క్లియర్ కోటు లేకుండా ఒకే పూతగా కొట్టమనండి. పాత ఛాయకి కొంత దగ్గరగా వస్తుంది.

కొనబోయే కారు మీద పాత రంగు ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక చిట్కా. తెల్లగుడ్డ మీద కొంచెం పాలిష్ వేసి కనపడని మూల రుద్దండి. గుడ్డకి కారు రంగు అంటితే పైన క్లియర్ కోటు లేదు. అంటకపోతే ఈమధ్య కొట్టించిన రంగు అనుకోవచ్చు. రంగు మందం కొలిచే చిన్న మీటర్లు కూడా దొరుకుతాయి. కంపెనీ పూత మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. ఒక తలుపు మీద 120, పక్క మడ్‌గార్డు మీద 600 చూపిస్తే ఆ మడ్‌గార్డుకి ఒక కథ ఉంది, అడగండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో పెరిగిన కారైతే ఈ పరీక్ష కంటే ముందు కింద పడుకుని ఫ్లోరు చూడాలి.

మిగతా భాగాలు

పెట్రోలు వైపు మార్పులు చేయక తప్పదు, వీటికి ఒరిజినల్ పట్టింపు పెట్టుకుంటే కారే తగలబడొచ్చు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. సీసం వాల్వు సీట్లకు మెత్తలా పనిచేసేది. పాత ఇంజన్ హెడ్ దించినప్పుడు గట్టి సీట్లు వేయించుకుంటే బయటికి ఏమీ తెలియదు, ఇంజన్ బతుకుతుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ వస్తోంది. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్‌లు దానికి మెత్తబడి పగులుతాయి. ఇథనాల్‌కి తట్టుకునే పైపులే వేయించండి. కార్బరేటర్ మాత్రం మార్చొద్దు. అంబాసిడర్ ఎస్‌యూ అయినా, పద్మిని సోలెక్స్ అయినా శుభ్రం చేసి, కిట్ వేసి, ట్యూనింగ్ తెలిసిన పెద్దాయన చేతికిస్తే మళ్లీ పలుకుతుంది.

డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టడం, పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టడం నాకు అభ్యంతరం లేదు. నా కొలత ఒక్కటే: రేపు నాలుగు బోల్టులు విప్పితే పాత స్థితికి రావాలి. కోయకూడదు, వెల్డింగ్ చేయకూడదు. హ్యాండ్ గేర్ తీసి ఫ్లోర్ గేర్ పెట్టడం ఈ కొలతలో ఓడిపోతుంది, ఎందుకంటే దానికి ఫ్లోరు కొయ్యాలి. సీటు బెల్టుల కోసం రంధ్రాలు పెట్టక తప్పదు, అది మాత్రం నేను ఒప్పుకుంటాను. పిల్లల్ని ఎక్కించుకునే కారులో బెల్టు లేకపోవడం ఒరిజినాలిటీ కాదు.

టైర్లు: అంబాసిడర్‌కి 5.90-15, పద్మినికి 5.20-14, ఇవి క్రాస్ ప్లై అనే పాత రకం టైర్ల కొలతలు. ప్రదర్శనకైతే అవే వెతకండి, ఊళ్లు తిరగడానికైతే సరిపోయే రేడియల్ వేసుకోండి. వర్షంలో తేడా తెలుస్తుంది.

లోపలి సామాను దగ్గర మా ఇంట్లో పెద్ద రభసే అయింది. డాష్‌బోర్డు మీద పెదనాన్నగారు తిరుపతి నుంచి తెచ్చిన వెంకటేశ్వరస్వామి చిన్న పటం బిగించుకున్నారు, రెండు స్క్రూలతో. కారు షెడ్డు నుంచి తిరిగొచ్చేసరికి ఆ రెండు రంధ్రాలూ పూడ్చేసి, నున్నగా రంగు కొట్టేసి ఉన్నాయి. మెకానిక్ తప్పేమీ లేదు, "కంపెనీలా చేయండి" అని మేమే చెప్పాం. పెద్దమ్మ కారెక్కి ఆ చోట వేలితో తడిమి, "పటం ఏదిరా?" అంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. పటం పాత సామాన్లతో పాటు తుక్కు దుకాణానికి వెళ్లిపోయింది. దాంతోపాటు పాత హార్న్ రింగు, రెండు తలుపు పిడులు, మంచి స్థితిలో ఉన్న గడియారం కూడా.

అందుకే షెడ్డుకి ఇచ్చే ముందు కాగితం మీద రాయించుకోండి: విప్పిన ప్రతి ముక్కా, పనికిరానిదైనా సరే, గోనెసంచిలో వేసి తిరిగివ్వాలి. కొత్త ముక్క నకిలీదో, లోకల్ తయారీయో అయితే తర్వాత మీకా పాత ముక్కే కొలత. కొత్త హార్న్ రింగు బిగించాక పాతదాని బరువు, మెరుపు ఎలా ఉండేవో ఎవరికీ గుర్తుండదు.

వీఏ నంబరుకి వెళ్లాలా?

2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కార్లు, ద్విచక్ర వాహనాలను వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత మళ్లీ నమోదుకి 5,000. కొత్తగా నమోదయ్యే వాటికి రాష్ట్రం కోడ్ పక్కన ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ముందే నంబరున్న కారైతే పాత నంబరే ఉంచుకోవచ్చు. 1989కి ముందు వచ్చిన మూడక్షరాల నంబరు ఉన్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. నన్నడిగితే ఆ నంబరు పలక కూడా కారు ఒరిజినాలిటీలో భాగమే.

కానీ షరతు చూసుకోండి. ఇలా నమోదైన బండిని రోజువారీగా, వ్యాపారానికి తిప్పకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పరిశోధనకి, పెట్రోలుకి, రిపేరుకి మాత్రమే బయటికి తీయాలి. ఆదివారం పిల్లలతో బిర్యానీకి వెళ్లడం అందులో లేదు. కారుని నడపడమే మీ సరదా అయితే మామూలు ఆర్సీనే ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకుంటూ పోవడం మేలు. ఫీజులు ఈమధ్య పెరిగాయి కాబట్టి ముందే కనుక్కోండి. మాది 1978ది, 2028 దాకా ఈ ప్రశ్నే రాదు.

ఏ కారుకి ఏ దారి

అరుదైనదైతే, అంటే ల్యాండ్‌మాస్టర్, మార్క్ 1 అంబాసిడర్, 1960ల మొదటి సంవత్సరాల ఫియట్, హెరాల్డ్ లాంటివి, బాడీ చాలావరకు బాగుంటే ఒకటో దారి. రంగు వెలిసినా ముట్టుకోవద్దు. బాడీ చితికిపోతే రెండో దారి, ఓపికతో. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూసి మన కారునీ అలా మెరిపించాలనుకునేవాళ్లున్నారు. అది ఊరేగింపుల కోసం చేయించిన సింహాసనం కారు. మన అంబాసిడర్ బతుకు వేరు.

1970లు, 80ల అంబాసిడర్, పద్మిని అయి, మీ ఇంటి కారైతే మూడో దారి, రంగు విషయంలో ఒకటో దారి. అదే కారుని వ్యాపారి దగ్గర కొంటుంటే ముందు ఒక ప్రశ్న వేయండి: "ఇందులో ఏది ఒరిజినల్? నంబరా, రేకా, రంగా?" నిజం తెలిసినవాడు "ఇంజన్ మార్చింది, రంగు రెండోసారి, సీట్లు పాతవే" అని విడివిడిగా చెబుతాడు. "అంతా ఒరిజినలే సార్" అన్నవాడి దగ్గర అయస్కాంతం బయటికి తీయండి. పాత రిపేరు బిల్లులు, ఇన్సూరెన్స్ కాగితాలు, ఆ కారు పక్కన నిలబడి తీయించుకున్న పెళ్లి ఫోటో ఏదైనా ఉంటే దానికి నాలుగు డబ్బులు ఎక్కువిచ్చినా తప్పులేదు. ఫోటోలో గ్రిల్, బంపర్, వీల్ కప్పులు కనిపిస్తాయి, కంపెనీ బ్రోషర్ కంటే అది మీ కారుకి దగ్గరి సాక్ష్యం.

మా కారుకి ఇప్పుడు కొత్త రంగు వచ్చేసింది కాబట్టి దాన్ని వెనక్కి తిప్పలేం. డాష్‌బోర్డు కింద తడిమితే, పూడ్చిన ఆ రెండు రంధ్రాల వెనక వైపు వెల్డింగ్ బొడిపెలు ఇంకా తగులుతాయి. వాటిని రుద్దొద్దని చెప్పాను. సరిగ్గా ఆ చోటే మళ్లీ రెండు స్క్రూలు దించి కొత్త పటం పెడదామని పెద్దమ్మ అంటోంది.